మాండలిన్ మీద నేను రాసిన తనిఖీ నివేదిక

2006 జూన్‌లో నాచారం పారిశ్రామికవాడలోని ఒక ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీలో నన్ను నాణ్యతా విభాగానికి అసిస్టెంట్ మేనేజర్‌గా వేశారు. అంతకు ముందు పదకొండేళ్లు అదే విభాగంలో ఇన్‌స్పెక్టర్‌ని. హోదా పెరిగింది గాని పని మారలేదు. ఇతరులు చేసినదాంట్లో తప్పు పట్టడమే పని. ఇదే పని ఇంట్లో ఉచితంగా చేస్తే అన్నం ఆలస్యమయ్యేది, ఫ్యాక్టరీలో చేస్తే జీతం వచ్చేది.

ట్రాన్స్‌ఫార్మర్లంటే వీధి చివర స్తంభాల మీద కనిపించేవి కావు. మావి స్టెబిలైజర్లలో, యంత్రాల ప్యానెళ్లలో ఇమిడే చిన్నవి. రాగి తీగను చుట్టలుగా చుట్టేది వైండింగ్ సెక్షన్. వాటిని చూసి చీటీ కట్టేది మేము. పచ్చ చీటీ కడితే పాసు, ఎర్రది కడితే తిరస్కారం. పసుపు చీటీ అంటే సంగతి తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదని అర్థం. తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు లోపాన్ని కొలవాలి, తరువాత మూల కారణం పట్టుకోవాలి, ఆ తరువాతే మార్పు చేయాలి, అదీ ఒకసారికి ఒకటే. ఈ పద్ధతిని కొత్తవాళ్లకు బోర్డు మీద గీసి చెప్పేవాణ్ణి నేనే. అందుచేత, నాకు తప్ప అందరికీ అలవాటైంది.

యాదగిరి మా టెస్ట్ బెంచ్ మీద ఆపరేటర్. నలభై దాటినవాడు, నాచారం ఊళ్లోనే పుట్టినవాడు. వాళ్ల పొలం ఉన్నచోటే ఇప్పుడు మా గోడౌన్ ఉందని, తను రోజూ డ్యూటీకి కాదు పొలానికే వస్తున్నానని అంటుండేవాడు. ఒక సోమవారం భోజనాల వేళ తువ్వాలులో చుట్టిన మాండలిన్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాళ్ల నాన్నది. ఆయన ఊరి భజన మండలిలో చాలా ఏళ్లు హార్మోనియం పక్కన కూర్చుని దాన్ని వాయించారు. ఆ వేసవిలోనే పోయారు.

“తీగలు జారవట్టె సార్. శ్రుతి జేసి కూసుంటే ఒక్క పాటకే దిగిపోతున్నయి. మొన్న శనివారం నడి పాటల హార్మోనియం ఆయన చేతులాపి నా దిక్కు సూసిండు. ఇజ్జత్ పోయింది,” అన్నాడు.

పోయింది ఇజ్జత్ ఒక్కటే కాదు. మండలి పెద్ద నర్సింహులు మామ అతనికి గడువు పెట్టాడట. వచ్చే శనివారం దాకా చూస్తానని, అప్పటికీ తీగలు నిలవకపోతే ఆ చోట కీబోర్డు వాయించే మనిషిని కూర్చోబెడతానని, వాళ్ల నాన్న మీద ఎంత గౌరవమున్నా భజన ఆగిపోరాదని చెప్పాడట. యాదగిరికి ఆ స్థలం కావాలి. వాయిద్యం తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. ఆ మండలిలో తప్ప దాన్ని వాయించే చోటు మరొకటి అతనికి లేదు.

తెలియనివారి కోసం ఆ వాయిద్యం సంగతి కొంచెం చెప్పాలి. మాండలిన్‌కు ఎనిమిది ఉక్కు తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. ప్రతి తీగ కొస పైన ఒక చిన్న లోహపు కడ్డీకి ఉన్న రంధ్రంలో దూరి, దాని చుట్టూ చుట్టుకుంటుంది. ఆ కడ్డీని తిప్పడానికి ఒక మర, ఒక పళ్ల చక్రం. మరతో చక్రాన్ని తిప్పవచ్చు గాని చక్రం ఎంత లాగినా మర వెనక్కి తిరగదు. అంచేత శ్రుతి నిలవాలి. నిలవడం లేదంటే పళ్లు అరిగాయని కూర్చున్నచోటే నిశ్చయించాను. కొలవలేదు. పైగా ఫ్యాక్టరీ మనిషికి ఒక జబ్బు ఉంటుంది. తిరిగే వస్తువు ఏది కనబడినా ముందు నూనె పోస్తాడు. పోశాను. మరలు బిగించాను. పాతవి బాగాలేవేమోనని యాదగిరి సికింద్రాబాద్ వెళ్లి కొత్త తీగలు తెస్తే, మంగళవారం వాటిని నా చేతులతోనే చుట్టాను. డ్రాయింగులో గీసినట్టు చుట్టు పక్కన చుట్టు, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, చూడ ముచ్చటగా. ఒకసారికి ఒకే మార్పు అని బోర్డు మీద రాసేవాడు రెండు రోజుల్లో మూడు మార్పులు చేశాడు.

గురువారం ఉదయం యాదగిరి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“ఎట్లుంది?” అన్నాను.

“మునుపు పాట అయినంక జారేది సార్. మీరు జేసినంక పల్లవిలనే జారుతుంది.”

దానికి నా జవాబు ఒక నివేదిక. కంపెనీ ఫారం మీదే రాశాను. వస్తువు: మాండలిన్. లోపం: తీగ జారుట. మూల కారణం: పళ్ల చక్రాల అరుగుదల. చర్య: కొత్త చక్రాలు చేయించుట. టూల్ రూమ్ ఫోర్‌మన్ దాన్ని చదివి, అంత చిన్న పళ్లు కోయడానికి రెండు వారాలు పడుతుందన్నాడు. మధ్యలో ఉన్నది రెండు రోజులు. మరుసటి సాయంత్రం వెళ్లి తప్పుకుంటానని నర్సింహులు మామకు చెప్పేస్తానన్నాడు యాదగిరి. వాయిద్యానికి పసుపు చీటీ కట్టి నా బల్ల పక్కన నిలబెట్టాను. అదేదో పెద్ద పని చేసినట్టు.

శుక్రవారం మధ్యాహ్నం వైండింగ్ సెక్షన్ నుంచి అనసూయమ్మ వచ్చారు. ఉప్పల్ నుంచి వచ్చే ఈమె ఆ సెక్షన్లో అందరికన్నా సీనియర్. వచ్చింది మాండలిన్ కోసం కాదు, నాతో తగాదాకు. అంతకు ముందురోజే ఆమె చుట్టిన చుట్టల తట్ట ఒకదానికి పసుపు చీటీ కట్టాను. మొదటి చుట్టు మీద రెండోది ఎక్కిందని, డ్రాయింగులో అలా లేదని. ఆమె ఏదో అనబోయి, బల్ల పక్కన ఉన్నదాన్ని చూసి ఆగారు.

“గిదేంది సార్? దీనికి గూడ చీటీ కట్టిన్రా? దీని తీగలు ఎవరు చుట్టిన్రు?”

“నేనే.”

“గందుకే,” అన్నారు.

కడ్డీని వేలితో తడిమి ఆ వేలు చూసుకున్నారు. “నూనె గూడ మీరే పోసిన్రా?”

ఒప్పుకున్నాను. పక్క బెంచీ దగ్గర యాదగిరి నవ్వు ఆపుకోవడానికి మీటరు సరిచూస్తున్నట్టు నటించాడు.

వైండింగులో తీగ జారుతోందని అనుమానం వస్తే వాళ్లు దాని మీద సిరాచుక్క పెడతారు. ఆమె నా జేబులోని మార్కర్ పెన్ను అడగకుండానే తీసుకుని రెండు చోట్ల చుక్కలు పెట్టారు. ఒకటి పళ్ల చక్రం మీద, ఇంకొకటి రంధ్రం అవతల పొడుచుకొచ్చిన తీగ కొస మీద. యాదగిరిని పిలిచి గట్టిగా వాయించమన్నారు. ఒక భజన అయ్యేంత సేపు వాయించాడు. చక్రం మీది చుక్క పెట్టినచోటే ఉంది. కొస మీది చుక్క రంధ్రంలోకి పోయి కనబడలేదు. చక్రాలకు ఏ జబ్బూ లేదు. నున్నటి కడ్డీ మీద నున్నటి తీగ, నేను పోసిన నూనె మీద హాయిగా జారుతోంది. నా పేజీడు నివేదిక ఒక చుక్కతో చెరిగిపోయింది.

“మొదటి కొసను తొక్కి పట్టకుంటే ఏ తీగ నిలవది సార్. గట్ల తొక్కినందుకే నిన్న మా తట్టకు చీటీ కట్టిన్రు మీరు,” అన్నారు ఆమె. కోపంగా కాదు, పాఠం చెప్పినట్టు.

స్పిరిట్ తడిపిన దూదితో కడ్డీలన్నీ తుడిచారు. తీగను రంధ్రంలో దూర్చి, కొసను వెనక్కి మలిచి, అదే తీగ కిందికి లాగి, దాని మీదుగా చుట్టు ఎక్కించారు. బిగించిన కొద్దీ తీగ తన కొసను తానే గట్టిగా తొక్కి పట్టుకుంటుంది. చూడటానికి నేను చుట్టినంత అందంగా లేదు. రెండు తీగలు ఆమె వేశారు, మిగిలిన ఆరు యాదగిరి చేత వేయించారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాయించడం నేర్పిన తండ్రి, తీగలు మాత్రం ఎప్పుడూ తనే వేసుకునేవారట. ఆయన పోయాక యాదగిరి మొదటిసారి తీగలు మార్చాడు. జారుడు ఆరోజు నుంచే. జారుడు ఎప్పట్నుంచి అని నేను సోమవారమే అడిగి ఉండాల్సింది.

ఆమె తట్టలోంచి మూడు చుట్టలు తీసి పద్ధతి ప్రకారం పరీక్ష పెట్టాను. పాసయ్యాయి. పచ్చ చీటీ కట్టాను. ఆమె థ్యాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

శనివారం సాయంత్రం నేనూ భజన మందిరానికి వెళ్లాను. దేవుడి పాట వినడానికని చెప్పుకున్నా, విన్నది జారుడు కోసమే. రెండో పాట చివర పై జత కొంచెం దిగింది. యాదగిరి నా వైపు చూశాడు. కొత్త తీగ మొదట్లో సాగుతుంది, అది జారడం కాదు. పాటకీ పాటకీ మధ్య అరతిప్పు తిప్పి మళ్లీ అందుకున్నాడు. ఆ తరువాత ఏడు పాటలు ఏ తీగా కదలలేదు.

మంగళహారతి అయ్యాక నర్సింహులు మామ లేచి వచ్చి, హార్మోనియం మీద ఒక స్వరం నొక్కించి, బొటనవేలితో తీగల్ని జతజతగా మీటి చూశాడు. మా విభాగంలో ఎవరూ అంత శ్రద్ధగా తనిఖీ చేయగా నేను చూడలేదు.

“నిలిచినయి రా. వచ్చే శనివారం ఆరింటికే రా, జర ముందుగాల శ్రుతి జేసుకోవచ్చు. కీబోర్డాయనకు నేను జెప్త తియ్యి,” అన్నాడు.

సోమవారం నా నివేదికను దిద్దాను. మూల కారణం గడిలో ‘తీగ చుట్టిన పద్ధతి, పోసిన నూనె’ అని, బాధ్యుడి గడిలో నా పేరు, హోదా రాశాను. ఆ తరువాత ఎనిమిదేళ్లు అదే విభాగంలో ఉండి రిటైరయ్యాను. ఆ ఎనిమిదేళ్లలో, ఒక పనిని రోజూ చేసే మనిషిని పిలిచి అడగకుండా ఆ పని మీద మూల కారణం గడి నింపలేదు. దీనివల్ల నివేదికలు ఆలస్యమయ్యేవి, పై అధికారులు విసుక్కునేవారు. తప్పు కారణాలు మాత్రం తగ్గాయి.