మొహమాటం మాన్పించిన సరోజన

మా ఊరి పాకబడిలో పలక పట్టినవాణ్ణి నేను. అక్కణ్ణుంచి ఇంజనీరునై, కెనడా ఉత్తరాన మంచు ఊళ్ళకు పదకొండు నీటి ట్యాంకులు కట్టించాను. ఈ రోజుకీ ఒక్కటీ కారలేదు. రిటైరై మిస్సిసాగాలో కూర్చున్నా, 2023 మార్చిలో బాఫిన్ ద్వీపంలోని ఒక చిన్న ఊరివాళ్ళు తమ ట్యాంకు చూడడానికి విశ్వేశ్వరరావే రావాలని పట్టుబట్టారు. ఇంత అనుభవమున్న నాకు అక్కడ భోజనం దగ్గర పాఠం చెప్పిన మనిషి సరోజన.

నా వెంట నిఖిల వచ్చింది. ఒషావాలో నీటి శుద్ధి కోర్సు చదువుతున్న హనుమకొండ పిల్ల. ఆ ఏడాది మన పిల్లలు వేలల్లో దిగారు. కోర్సులో భాగమైన పని శిక్షణకు ప్లేస్‌మెంట్ దొరకడం గగనమైపోయింది. డెబ్భై చోట్ల అప్లై చేస్తే ఇదొక్కటే వచ్చింది, అదీ నా మాట మీద. వారంపాటు నీటి నమూనాలు తీసి, ఊరి నీటి సరఫరా చూసే ఎలిసాపీ అనే ఆవిడ చేత (అక్కడి స్థానిక ఇన్యూట్ తెగ మనిషి) సంతకం పెట్టించుకుంటే కోర్సు పూర్తవుతుంది. లేకపోతే ఇంకో టర్మ్, దాని వెనక స్టడీ పర్మిట్ గొడవ.

ఆరు గదుల లాడ్జిలో అడుగు పెట్టగానే వంటింట్లోంచి తెలుగు వినపడింది.

"దండాలు సారూ! లిస్టుల మీ పేరు చూసినప్పటి సంది ఎదురుచూస్తున్న. బూట్లు ఈడ్నే ఇడువుండ్రి. సంచిల మందు సీసాలు గిట్ల లేవు గద? ఈ ఊళ్లె మందు బంద్. దొరికితే పోలీసోళ్లే మీకు మర్యాద జేస్తరు."

ఆవిడే సరోజన. హుస్నాబాద్ పక్క పల్లె. జనరేటర్ మెకానిక్ అయిన భర్త రాఘవులుతో పంతొమ్మిదేళ్ళ కిందట వచ్చి, లాడ్జిలో గిన్నెలు కడగడానికి చేరి, ఇప్పుడు వంటకు పెద్ద అయింది. రాత్రి భోజనం ఐదున్నరకు, ఆరున్నరకు పొయ్యి కట్టేస్తానని ముందే చెప్పింది. నీళ్ళు లారీలో వస్తాయి గనక స్నానం క్లుప్తంగా కానివ్వమంది. కొట్లో కూరగాయలు విమానం దిగిన రోజే కొనుక్కోవాలట. మంచుగాలిలో ఎక్కడైనా చిక్కుకుపోతే ఆదుకోవడానికి, బయటికెళ్తే జేబులో రొట్టె ముక్క ఉండాలట.

నేను తలూపాను. నాకు తెలియనివా?

నిఖిల నమూనాల కోసం ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో టీయో, రొట్టెయో, చేపో తినమన్నారు. "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అని వచ్చేసింది. లాడ్జికి చేరేసరికి పొయ్యి ఆరిపోయేది. పళ్ళెం తీసిపెట్టనా అని సరోజన అడిగితే దానికీ వద్దంది. రెండు రోజులు బిస్కెట్లతో గడిపింది.

మూడో రోజు పొద్దున పంప్‌హౌస్‌లో సీసా నిఖిల చేతిలోంచి జారింది. పిల్ల గోడకు ఆనుకుని కూలబడింది. ఎలిసాపీ ఆమె నుదురు తాకి చూసి నాతో మెల్లగా అంది: "ఈమెకు ఒంట్లో బాగున్నట్టు లేదు. ఇక్కడ డాక్టరు ఉండడు. రేపటి విమానంలో పంపించేద్దాం."

ముప్పై ఏళ్ళ సర్వీసులో క్రేన్ ఒరిగినప్పుడు కూడా నాకు అంత గుబులు పుట్టలేదు. నిఖిలను లాడ్జి వంటింట్లోకి తీసుకొచ్చాను.

సరోజన పాలు తాగించి కూర్చోబెట్టింది. "ఏం బిడ్డా, ఎందుకు తింటలెవ్వు?"

"వద్దంటే మళ్ళీ అడుగుతారు, అప్పుడు తినమన్నారు ఆంటీ. ఎవ్వరూ మళ్ళీ అడగలే."

"ఎవరు చెప్పిన్రు గట్ల?"

నిఖిల నావైపు చూసింది. పరాయి ఇంట్లో పెట్టగానే ఎగబడొద్దని విమానంలో చెప్పినవాణ్ణి నేనే.

"మంచిగ నేర్పిన్రు సారూ! ట్యాంకులైతే గట్టిగనే కట్టిన్రు గని," అంది సరోజన. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "నేనూ గట్లనే జేసిన. వచ్చిన ఏడాది ఎవరు పెట్టినా వద్దన్న. సగమైన. నన్ను కానిదాన్ని అనుకుంటున్నరేమో అని ఏడ్శిన. ఈ ఊరోళ్లు వద్దన్న మాటను గౌరవిస్తరు బిడ్డా. మనసుల లేంది నోట అంటరని వాళ్లకు తెల్వది. తెల్సినంక నేనే పోయి చేపల కూర అడిగి తిన్న. అగో, గప్పటి సంది ఈ ఊరు నాది."

ఏప్రన్ విప్పి, మమ్మల్నిద్దర్నీ ఎలిసాపీ ఇంటికి నడిపించింది.

పొయ్యి మీద పెద్ద కుండలో చేపల సూప్ ఉడుకుతోంది. "సూప్ తాగుతారా?" అని ఎలిసాపీ ఒక్కసారే అడిగింది. నిఖిల అలవాటుగా నా ముఖంలోకి చూసింది. పిలవని చోట గ్లాసెడు నీళ్ళు కూడా అడిగి ఎరగనివాణ్ణి, గిన్నె అందుకుని ముందుకు చాపాను.

"నాకు కావాలి. ఆకలిగా ఉంది."

"నాక్కూడా," అంది నిఖిల వెంటనే.

మొదటి గిన్నె ఊదుకోకుండానే తాగేసింది. రెండోదానికి బుగ్గల్లో రంగు వచ్చింది. మూడోది తనే అడిగింది. ఎలిసాపీ గరిటె పట్టుకుని పకపకా నవ్వింది. "మా తిండి మీకు పడదనుకున్నాను. నిన్న కుండెడు మిగిలిపోయింది!"

సరోజన అదను చూసి అడిగింది. "మరి రేపటి విమానం?"

"నీళ్ళ సీసాలు మాత్రం పరీక్షకు వెళ్తాయి. ఈ అమ్మాయికి ఇక్కడ పని ఉంది."

మర్నాడు విమానం లేచిన చప్పుడు వినిపించేటప్పటికి నేను లాడ్జి కిటికీ దగ్గర టీ తాగుతున్నాను. నిఖిల అవతలి వీధిలో సీసాల పెట్టెతో నడుస్తోంది. విమానం కోసం తలైనా ఎత్తలేదు. ముందురోజు పొద్దుటినుంచి మొదటిసారి నా గుండె కుదుటపడింది. శనివారం ఆమె కాగితం మీద ఎలిసాపీ సంతకం పడింది.