ఐదుంబావుకు చేరిన ఓదార్పు

హసన్‌పర్తి మెయిన్ రోడ్డు మీద మోటర్ వైండింగు దుకాణాలు నాలుగున్నాయి. కాలిన బోరు మోటరు బాగుపడాలంటే రైతు ఇర్షాద్ దగ్గరికి వస్తాడు. బాగుపడటంతో పాటు రెండు మంచి మాటలు కూడా కావాలంటే మిగతా మూడింటిలో దేనికైనా పోతాడు. ఇర్షాద్ చుట్టిన మోటరు ఐదేళ్లు నడుస్తుంది. ఇర్షాద్‌తో మాట్లాడిన రైతు మాత్రం ఐదు నిమిషాలు నిలవడు.

అలాగని అతను కోపిష్ఠి కాదు. ముప్పై తొమ్మిదేళ్లొచ్చాయి, ఒకరి మీద గొంతు లేపి ఎరుగడు. సంగతేమిటంటే, అడిగినదానికి జవాబు చెప్తాడు. మన దగ్గర అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు. ఎదురొచ్చినవాడు "తిన్నవా భాయ్" అంటే తిన్నానని చెయ్యెత్తి సాగిపోవాలి కదా. ఇర్షాద్ ఆగుతాడు. మూడు రొట్టెలు, బెండకాయ కూర, కూరలో ఉప్పు తక్కువ అని మొత్తం చెప్తాడు. ఆ ఉప్పు మాట ఊరంతా తిరిగి సాయంత్రానికి అతని భార్య గుల్నాజ్ చెవిన పడుతుంది.

యాకయ్యతో చెడింది కూడా ఇలాగే. మార్చిలో, వరి పొట్ట మీదున్నప్పుడు, ఆ రైతు మోటరు మూడోసారి కాలింది. కరెంటోళ్లను తిట్టుకుంటూ తెచ్చాడు. దుకాణం ముందు ఇంకో పది మంది ఉన్నారు. ఇర్షాద్ మోటరు విప్పి చూశాడు.

"యాకన్నా, తప్పు కరెంటుది గాదు, నీది. ఫ్యూజు జాగల లావు తీగ చుట్టినవ్. మల్ల కాలుతది."

పది మందీ నవ్వారు. యాకయ్య మోటరును ఆటోలో వేసుకుని పక్క దుకాణానికి పోయాడు. అది నాలుగోసారి కూడా కాలింది. సంగతి తెలిసిన ఇర్షాద్ వెంటనే ఫోన్ చేసి, ఏ తారీఖున కాలిందన్నా అని అడిగాడు. ఎగతాళికి కాదు. అతనికి నిజంగానే నోటుబుక్కులో రాసుకోవాలని ఉంది.

ఆ ఫోన్ తర్వాత యాకయ్య చుట్టాలెవరూ దుకాణం మెట్టెక్కలేదు. ఆ చుట్టుపక్కల యాకయ్యకు చుట్టం కాని రైతును వెతకడం కష్టం. ఇలాగైతే దుకాణం మూయడమేనని భయపడి, ఇది పొగరో రోగమో తేల్చుకుందామని గుల్నాజ్ అతన్ని హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ నాలుగుసార్లు పిలిపించి, చిన్ననాటి నుంచీ అన్నీ అడిగి, ఆటిజం అని చెప్పింది. మెదడులో కూడా ఒక భాగానికీ ఇంకో భాగానికీ కనెక్షన్లుంటాయంది. కొందరిలో దగ్గరి కనెక్షన్లు దిట్టంగా, దూరపువి పలచగా ఉండొచ్చని కొన్ని పరిశోధనలు అంటున్నాయని, అది అందరిలో ఒక్కలా ఉండదని, ఇంకా తేలాల్సింది చాలా ఉందని కూడా చెప్పింది. ఎదుటివాడి ముఖం, గొంతు, సందర్భం, అన్నీ ఒకేసారి కలిస్తేనే వాడి మనసు అందుతుందట. ఇర్షాద్‌కు అవి కలవడానికి కొంచెం టైం పడుతుందట. ఇర్షాద్ చివరిదాకా విన్నాడు.

"అయితే కాలిందా మేడం?" అని అడిగాడు.

"కాలలేదు. వైండింగే వేరే రకం" అందామె, అతని భాషలోనే.

ఇర్షాద్ తీగ మందం ఎంత గేజో కూడా అడిగాడు గానీ ఆమె దగ్గర ఆ లెక్క లేదు. అయినా అతను బస్సులో హసన్‌పర్తి దాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచి మొండి, పొగరు, పిచ్చి అని పిలిపించుకున్నవాడికి, నీలో ఏదీ కాలలేదని చెప్పిన మొదటి మనిషి ఆమె. ఎంత సంతోషపడ్డాడో చెప్పలేం.

గుల్నాజ్‌కూ సంతోషమే. కానీ దుకాణం నడవాలి. ఆమె ఒక అట్టముక్క మీద, ఎక్కడ ఏం మాట్లాడాలో రాసిచ్చింది. పెళ్లింట్లో ఒకటి, చావింట్లో ఒకటి. మొదట్లో అవి తారుమారయ్యాయి. మడికొండలో ఒక పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి భుజం మీద చెయ్యేసి ధైర్యంగ ఉండమన్నాడు. ఆ తండ్రి మాత్రం, పొద్దుట్నుంచి నా బాధ తెలిసినోడు నువ్వొక్కడివే అని కళ్లు తుడుచుకున్నాడు.

మే నెలలో యాకయ్య తండ్రి గట్టయ్య పోయాడు. ఆయన కూతురు వినోద సూరత్‌లో ఉంటుంది, మగ్గాల కార్ఖానాలో భర్తకు పని. ఆమె రైలు దిగి ఇల్లు చేరేసరికి మర్నాడు సాయంత్రం ఐదవుతుంది. అందాకా పెద్దాయనను ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. సంధి చేసుకోవడానికి ఇదే సమయమని గుల్నాజ్ మర్నాడు పదకొండింటికి భర్తను పంపింది.

"భుజం మీద చెయ్యి వేయుండ్రి. పెద్దాయన మంచోడు, ధైర్యంగ ఉండు అనుండ్రి. పది నిమిషాలు కూసొని రాండ్రి. మెషిన్ మాట ఎత్తకుండ్రి."

ఇర్షాద్ దారంతా వల్లె వేసుకున్నాడు. వాకిట్లో అడుగు పెట్టాడో లేదో, పెట్టె చప్పుడు చెవిన పడింది. కంప్రెసరు మొదలై, మూలిగి, టక్కున ఆగిపోతోంది. మూడు నిమిషాలకు మళ్లీ అదే. వల్లె వేసిందంతా ఎగిరిపోయింది. నేరుగా పెట్టె దగ్గరికి పోయి, గాలి జాలీకి అడ్డంగా పడిన పూలదండలను ఒక్కొక్కటే తీసి కింద పెట్టసాగాడు.

చావింట్లో శవం మీది దండలు తీసేవాణ్ని ఎవరు మాత్రం ఊరుకుంటారు? ఆడవాళ్ల ఏడుపు ఆగిపోయింది. మోటరు పగ తీర్చుకుంటున్నాడని ఎవరో అన్నారు. యాకయ్య వచ్చి ఇర్షాద్ మణికట్టు పట్టుకున్నాడు.

"యాకన్నా, రెండు గంటలకల్ల పెట్టె ఆగుతది. వినోదక్క ఐదుకొస్తది. అక్క నాయిన మొఖం చూడాల్నా వద్దా?" అన్నాడు ఇర్షాద్.

ఇలాంటి చోట ఇలాంటి మాట నోటితో అనకూడదు. కానీ అబద్ధం చెప్పడం రాని మనిషని యాకయ్యకు నాలుగుసార్లు మోటరు కాలిన అనుభవం ఉంది. అద్దం మీద చెయ్యి పెట్టి చూశాడు. ఉండాల్సినంత చల్లగా లేదు. మణికట్టు వదిలాడు.

ఇర్షాద్ ముందు కరెంటు తీద్దామని ఇంటి గోడ మీది ఫ్యూజు డబ్బా తెరిచాడు. అందులోనూ లావు తీగే. నోరు తెరిచాడు. అట్టముక్క గుర్తొచ్చి మూసుకున్నాడు. అది మూయడానికి అతను పడ్డ కష్టం గుల్నాజ్ చూసి ఉంటే అక్కడే నెయ్యి అన్నం పెట్టేది. పెట్టె పలక విప్పితే లోపలి ఫ్యాను బిగుసుకుపోయి ఉంది. దుకాణానికి పోయి టేబుల్ ఫ్యాను తెచ్చి, గాలి సరిగ్గా కంప్రెసరు మీదికి కొట్టేలా ఇటుకల మీద నిలబెట్టాడు. చప్పుడు దారిలో పడింది. ఫ్యాను పక్కకు జరగకుండా ఎండలోనే, నేల మీద కూర్చుని పట్టుకున్నాడు.

ఐదింటికి వినోద ఆటో దిగి ఉరికొచ్చింది. పెద్దాయన ముఖం నిద్రపోయినట్టే ఉంది. ఆమె అద్దం మీద పడి, నాయినా అని ఏడ్చింది. పొద్దుట్నుంచి వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ, నీళ్లిస్తూ, ఒక్క చుక్క కన్నీరు రాల్చని యాకయ్య స్తంభంలా నిలబడి చూస్తున్నాడు. ఇర్షాద్ ఫ్యాను వదిలి లేచాడు. పోయి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్దాయన మంచోడు. ధైర్యంగ ఉండు."

యాకయ్య అతని మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

దహనం అయ్యాక ఇంటికొచ్చిన భర్తను, పది నిమిషాలకని పోయి ఇంతసేపేంటని, అసలు చెప్పమన్నది చెప్పారా అని గుల్నాజ్ నిలదీసింది.

"చెప్పిన. ఐదుంబావుకు."

"ఆయనేమన్నడు?"

"ఏమనలె. ఏడ్చిండు." ఇర్షాద్ కాళ్లు కడుక్కుంటూ ఆగి, భయంభయంగా భార్య ముఖంలోకి చూశాడు. "నేను తప్పు చెప్పిన్నా?"

గుల్నాజ్ కొంగుతో అతని మెడ మీది మసి తుడిచింది. ఆ పక్కనే యాకయ్య కన్నీళ్ల తడి ఇంకా ఆరలేదు.

"లేదు. సరిగ్గనే చెప్పిండ్రు" అంది.