పుట్టింటికి పోయే కారు

బెంగుళూరు రైలు బంగారుపేట దాటుతుండగా నాన్న ఫోన్ చేశాడు. "అత్త పోయింది పాపా. పొద్దున లేపితే లేయలేదు" అన్నాడు. నేను అడగకుండానే, "కారు ఈడనే ఉండాది, మన వాకిట్లో" అన్నాడు.

చావు కబురులో కారు సంగతేమిటని మీకు అనిపించవచ్చు. బేతమంగళం రోడ్డు మీద పాత నల్ల కారొకటి ఎద్దులబండి కంటే కాస్త ముందుగా పోతుంటే, స్టీరింగ్ వెనక తెల్ల కొప్పు చూసి మీరెప్పుడైనా హారన్ కొట్టి తిట్టుకున్నారా? ఆమె మా మేనత్త. మీ మీద కోపమేమీ పెట్టుకోలేదు లెండి. మీ హారన్ ఆమెకు వినపడి ఉండదు. చెవులు రెండూ ఇంజిన్ మీదే ఉండేవి.

మామయ్య బంగారు గనిలో రాయి తొలిచే పని చేసేవాడు. గని మూతపడ్డాక, ఆఫీసర్ల బంగళా వెనక తుప్పు పడుతున్న ఆ కారును ఎలాగో సంపాదించి తన క్వార్టర్స్ ముందుకు తోయించుకొచ్చాడు. "బాగుచేసి దీంట్లోనే నిన్ను బైరకూరుకు తోలుకుపోతా" అని అత్తకు మాట ఇచ్చాడు. బైరకూరు ఆమె పుట్టిల్లు. అత్త తమ్ముడైన మా నాన్న అక్కడే రాగులు పండించుకుంటూ, ఆవులను చూసుకుంటూ ఉంటాడు. కానీ గని దుమ్ము మామయ్య ఊపిరితిత్తులను వదల్లేదు. బానెట్ కూడా ఎత్తకుండానే పోయాడు.

రోజూ ఉద్యోగానికి రైలెక్కే వీలు కోసం నేను అత్త ఇంట్లో చేరిన కొత్తలో, నాన్న పాత ఇనుము కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడు కారుకు తాడు కట్టబోతే అత్త వెళ్ళి అందులో కూర్చుని తలుపేసుకుంది.

"దిగక్కా. కాటికి కాళ్ళు చాపుకున్న వయసులో నీకు కారెందుకు?"

"పుట్టింటికి వచ్చేదానికి."

"బస్సుండాది గదా!"

"బస్సులో వస్తే నేనొక్కదాన్నే వచ్చినట్లు. దీంట్లో వస్తే మీ బావ తోలుకొచ్చినట్లు. నువ్వు పోప్పా ఇంగ."

స్టీరింగ్‌కూ చక్రాలకూ సంబంధమేమిటో తెలియని మనిషి ఆమె. రెంచీ పట్టుకోవడం కూడా అప్పటికి రాదు. వచ్చిందల్లా ముగ్గు వేయడం. వసారా నిండా చుక్కలు పెట్టి, గీతలు కలిపి, తనకు కనిపించినట్టే ఇంజిన్‌ను తడిముగ్గుతో నేల మీద వేసింది. ఏ చోట ఏ బోల్టు ఊడితే ఆ చుక్క మీద ఆ బోల్టు పెట్టింది. ఇంజిన్ మొత్తం విప్పేసరికి మేము గోడకు అతుక్కుని వంటింట్లోకి పోవలసి వచ్చింది. "తొక్కినావంటే కండ్లు పోతాయి!" అని నన్ను బెదిరించేది. సామాన్ల పేర్లు ఆమెకు చివరిదాకా రాలేదు. "ఆ మూల చుక్క తీసుకురా పాపా" అనేది. నేను తెచ్చింది సరిగ్గా అదే అయ్యేది.

ఆదివారాలు సాయానికి ఒక తమిళ మెకానిక్ వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు వసారాలో పరిచిన ఇంజిన్ చూసి గడప బయటే ఆగిపోయాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

అలాగని అన్నీ సవ్యంగా జరిగాయనుకోకండి. బిగించాక రేడియేటర్ కారింది. చిన్న చిల్లికి కాస్త పసుపు వేస్తే నిలుస్తుందని మెకానిక్ చెప్పి వెళ్ళాడు. అత్తకు పసుపు మీద గురి కుదరలేదు. "పసుపు పుండుకు పాపా. నిలబడల్లంటే రాగే" అని శేరు రాగిపిండి పోసేసింది. కారడం ఆగింది. వారం రోజులు ఆమెను పట్టలేకపోయాం. ఇంజిన్ మొదటిసారి పలికిన రోజున నీళ్ళు కాగి, మూత ఎగిరిపడి, బానెట్ మీదికి రాగి సంగటి పొంగి వచ్చింది. మెకానిక్ వేలితో తీసి చూసి, "అన్నీ బాగుండాయి అమ్మా, ఉప్పు మరిచినారు" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. అత్త నవ్వలేదు. రేడియేటర్ విప్పి ఒళ్ళో పెట్టుకుని, చీపురుపుల్లతో సందుసందూ గోకడం మొదలుపెట్టింది. "ఎసరు చెడితే పొయ్యి మీద అలిగేదానికి అవుతాదా? ఆత్రం దానిది కాదు పాపా, నాది" అంది. ఎన్ని వారాలు గోకిందో! అంత ఓపిక ఒక మనిషిలో ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

గని బూడిదరంగు మట్టిదిబ్బల పక్క మైదానంలో తోలడం నేర్చుకుంది. ఆ తర్వాత ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైరకూరుకు బయలుదేరింది. ముళబాగిలు దాటాక ఎత్తులో కారు ఆయాసపడింది. "వచ్చేసినాము. ఇంగ కొంచెమే, ఇంగ కొంచెమే" అంది. నాతో కాదు ఆ మాట అన్నది.

వాకిట్లో కారు చప్పుడుకు నాన్న చేతిలో పాలచెంబుతో బయటికి వచ్చి అలాగే నిలబడిపోయాడు. అత్త ఇంజిన్ ఆపలేదు, దిగనూ లేదు.

"దిగక్కా, లోపలికి రా."

"సుమ్నే ఉండప్పా, ఊరికే పిలవద్దు. ఆపితే మళ్ళా పలుకుతాదో లేదో. మజ్జిగుంటే తీసుకురా."

కిటికీలోంచి నాన్న అందించిన మజ్జిగను స్టీరింగ్ వదలకుండా ఒక చేత్తోనే తాగింది. నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, తువాలుతో మొహం తుడుచుకున్నాడు. పుట్టింటి గడప తొక్కకుండానే ఆమె వెనక్కి తిరిగింది. తిరుగుదారంతా పెళ్ళికూతురిలా వెలిగిపోయింది.

తర్వాత్తర్వాత కారు మీద నమ్మకం కుదిరి, వెళ్ళినప్పుడల్లా అక్కడ నాలుగు రోజులు ఉండేది. ఈసారీ అలాగే వెళ్ళింది. పుట్టింట్లోనే కన్నుమూసింది.

పదకొండో నాటి కర్మలయ్యాక నాన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కారెక్కి భయంభయంగా తిప్పాను. ఒక్కసారికే పలికింది. నేను దిగి పక్కన నిలబడ్డాను. నాన్న లోపలికి వెళ్ళి గ్లాసుతో మజ్జిగ తెచ్చాడు. డ్రైవర్ కిటికీ దాకా చెయ్యి చాపి, ఆగి, గ్లాసును బానెట్ మీద పెట్టాడు. ఇంజిన్ అదురుకు అందులో మజ్జిగ సన్నగా వణుకుతూ ఉంది. వాకిట్లో అంతమందిమి ఉన్నాం. ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.