నేను చేర్చిన ఒక్క వాక్యం

నా చిన్నప్పుడు నాకు తప్పులు దిద్దే జబ్బు ఉండేది. పాలవాడి చీటీలో తేదీ తేడాగా ఉన్నా, అమ్మ డ్యూటీ కాగితంలో గంటల కూడిక తప్పినా పెన్సిల్ పుచ్చుకుని సరిచేసేదాన్ని. గోదావరి జిల్లా నుంచి వచ్చిన అమ్మ కువైట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడి సాల్మియా పేటలో మూడో అంతస్తులో మాకు రెండు గదుల ఫ్లాటు ఉండేది. నాకప్పుడు పదేళ్ళ మూడు నెలలు.

నాలుగో అంతస్తులో ఒక టీచరు ఒంటరిగా ఉండేది. మా బడిలోనే ఇంగ్లీషు చెప్పేది. ఆమెది నైజీరియా, అందులోనూ ఇగ్బో జాతి. అమ్మ ఆమెను సిస్టర్ అనేది, ఆమె కూడా అమ్మను సిస్టరే అనేది. ఆ ఏడాది బడివాళ్ళు ఆమెను కొనసాగించలేదు. ఆ దేశంలో ఉండేందుకు ఇచ్చే అనుమతి, ఇఖామా, గడువు ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది. వెళ్ళేలోపు ఆమె ఇంగ్లీషులో ఒక కథ పూర్తి చేసింది. అది వాళ్ళ తాతయ్య కథ. ఆయన పేరు మీద పడిన మచ్చ పోవాలంటే అది తమ దేశంలో అచ్చు కావాలని అమ్మతో చెప్పింది. ఆ మచ్చ ఏమిటో నేను పట్టించుకోలేదు. ఆమె చేతిరాత గొలుసుకట్టుగా ఉండేది, నాది విడివిడిగా, స్పష్టంగా ఉండేది. అందుకని శుభ్రమైన ప్రతి రాసే పని నాకు అప్పజెప్పింది. నలభై ఆరు పేజీలు. బడి నుంచి వచ్చాక రోజుకు నాలుగైదు చొప్పున, పది రోజుల్లో పూర్తిచేశాను.

కథ ఇది. తెల్లదొరలు ఆ ప్రాంతానికి వచ్చి కోర్టు పెట్టిన కొత్తలో, ఆ తాతయ్య పెండలం పండించే పొలం తనదని ఇంకొకడు దావా వేశాడు. వేసినవాడు దొరలకు కావలసినవాడు. కొత్త పెండలం పండుగ అయ్యేవరకు ఊరిపెద్ద ఊరు దాటకూడదు. ఆ తాతయ్యే ఊరిపెద్ద కాబట్టి ముసలాయన నాలుగు వారాల గడువు అడిగాడు. గుమాస్తా పుస్తకంలో రాసుకున్నాడు. పండుగ అయింది, గడువు నిండింది. పదహారో రోజున ఆరుగురు పెద్దల్ని సాక్ష్యానికి వెంటబెట్టుకుని పొద్దంతా నడిచి వెళితే కోర్టుకు తాళం వేసి ఉంది. సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుని తిరిగివచ్చారు. ఆ తరువాత పన్నెండు రోజులకు కోర్టు కూడింది. ముసలాయన పేరు మూడుసార్లు పిలిచారు. పలికినవాళ్ళు లేరు. పొలం అవతలివాడిది అయిపోయింది. పెండలం తవ్వుకోవడానికి మనుషులు వస్తే ఆయన అడ్డం నిలబడ్డాడు. జైల్లో వేశారు. నలభయ్యో రోజున అక్కడే పోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

ముప్పై ఒకటో పేజీ దగ్గర నా కలం ఆగింది. నాలుగు వారాలంటే ఇరవై ఎనిమిది రోజులు కదా. ఆయన పదహారో రోజున వెళ్ళడమేమిటి? పదహారును ఇరవై ఎనిమిది చేద్దామా అంటే, తరువాతి పేజీలోని పన్నెండు రోజులు కుదరవు. అంకెలన్నీ కాగితం మీద వేసి చూశాను. పదహారు, పన్నెండు కలిపితే సరిగ్గా ఇరవై ఎనిమిది. అంటే కోర్టు తప్పు చేయలేదు, ముసలాయనే తొందరపడ్డాడు. ఈ సంగతి చెప్పడం టీచరు మరిచిపోయిందనుకున్నాను. ఆయన బయలుదేరే చోట ఒక వాక్యం చేర్చాను. ‘పాపం, ముసలివాడు కావడం వల్ల ఆయన రోజుల లెక్క తప్పాడు.’ ఇక కథలో ఒక్క తప్పు కూడా లేదని తృప్తిపడ్డాను.

టీచరు కట్ట విప్పి మొదటి రెండు పేజీలు, చివరి పేజీ చూసి మెచ్చుకుంది. గురువారం ఉదయం వాళ్ళ దేశానికి విమానంలో వెళుతున్న ఒకాయన చేతికి, అక్కడి పత్రిక సంపాదకుడికి అందజేయమని కవరు ఇచ్చింది. మరుసటి రోజు మధ్యాహ్నం మమ్మల్ని టీకి పిలిచింది. బిస్కెట్టు చేతిలో పట్టుకుని నేనే చెప్పాను, మీ కథలో ఒక పెద్ద తప్పు ఉంటే సరిచేశానని.

ఆమె ఆ వాక్యం చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. రెండోసారికి నా గొంతు తగ్గింది. అమ్మ కప్పు కింద పెట్టేసింది.

"పెద్దవాళ్ళ రాతలో నీకేం పనే? ఇప్పుడావిడికి నా మొహం ఎలా చూపించమంటావ్?"

టీచరు చెయ్యెత్తి అమ్మను ఆపింది. నా ఎదురుగా కూర్చుని వేళ్ళు మడుస్తూ నాలుగు పేర్లు చెప్పింది. ఎకే, ఓరియే, అఫో, న్క్వో. అవి వాళ్ళ రోజులు, ఆ రోజుల్లో జరిగే సంతలు. ఆ నాలుగూ తిరిగితే వారం. అలాంటి వారాలు ఏడయితే నెల. వాళ్ళ తాతయ్య అడిగిన నాలుగు వారాలకు పదహారు రోజులే. దొరల కోర్టు గుమాస్తా ఆ ఊరివాడే, ఆ లెక్క ఎరిగినవాడే. కానీ మిషన్ బడిలో సంతరోజుల పేర్లు ఎత్తితే బెత్తంతో కొట్టేవాళ్ళు. వారం అంటే ఏడు రోజులని అక్కడే అతని ఒంటికి పట్టింది. ఇరవై ఎనిమిది అని రాసుకున్నాడు. ముసలాయన్ని ఒక్క మాట అడగలేదు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో ఆయన్ని లెక్క తెలియక పొలం పోగొట్టుకున్నవాడంటారట. బడికి వెళ్ళివచ్చిన సొంత మనుమలు కూడా అదే అంటారట. ఆ మాట అబద్ధమని చెప్పడానికే ఆమె కథ రాసింది.

మరి వారం అంటే నాలుగు రోజులని కథలో ఎందుకు రాయలేదని అడిగాను. తప్పు ఆమె మీదికి నెట్టాలని చూశాను, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

"మావాళ్ళు చదువుకోవడానికి రాశాను. వారానికి ఎన్ని రోజులో మావాళ్ళకు నేను చెప్పాలా?" అంది. తరువాత, "ఈరోజు పొద్దున ఎక్కడికి వెళ్ళావు?" అని అడిగింది.

చర్చిలో ప్రార్థనకు వెళ్ళామన్నాను. ఆరోజు శుక్రవారం. కువైట్‌లో సెలవు శుక్రవారమే కాబట్టి, మా ఆదివారపు ఆరాధన ఆ రోజే జరిగేది.

"మీ ఊళ్ళో ఎవరైనా అది చూసి, ఈ పిల్లకు ఆదివారం ఎప్పుడో కూడా తెలియదని రాసిపెడితే?"

నేను బిస్కెట్టు పళ్ళెంలో పెట్టేశాను.

"ఆ గుమాస్తా చెడ్డవాడని నేను అనుకోను. అతని చేతిరాత కూడా చాలా బాగుండేదట," అంది. ఆమె నన్ను కోప్పడి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

మరునాడే ఆ వాక్యం తీసేయమని సంపాదకుడికి ఉత్తరం వేసింది. తొమ్మిది రోజుల తరువాత వెళ్ళిపోయింది. మా గుమ్మంలో నా తలమీద చెయ్యి వేసింది, కథ మాట ఎత్తలేదు.

పద్నాలుగు నెలలకు నా పేరుతో పోస్టులో ఒక పత్రిక వచ్చింది. ఉత్తరం వాళ్ళకు ఆలస్యంగా అందిందో, అందినా లక్ష్యపెట్టలేదో తెలియదు. కథ అచ్చయింది. నా వాక్యం కూడా అచ్చయింది. ఆ ఒక్క వాక్యం మీద నల్లసిరాతో గీత కొట్టి ఉంది. అంతకు మించి ఆమె ఒక్క అక్షరం రాయలేదు. అమ్మ ఆ పేజీ చూసి ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ అలా ఊరుకోవడం నాకు కొత్త. టీచరు చిరునామాకు నేను రాసిన రెండు ఉత్తరాలూ తిరిగి వచ్చాయి.

ఇన్నేళ్ళుగా కువైట్‌లోనే ఉన్నాను. ఇప్పుడు నెలకు రెండు శుక్రవారాలు రిగ్గై అనే పేటకు వెళ్ళి, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు అర్జీలు రాసిపెడుతుంటాను. పోయిన వారం అన్నమయ్య జిల్లాకు చెందిన ఒకామె వచ్చింది. వయసు అడిగితే, "మా యక్క పెండ్లినాటికి నేను సంకలో ఉంటినమ్మా" అంది. పక్కనున్న ఆమె నవ్వింది. నేను కలం మూసి, అక్క పెళ్ళి ఎప్పుడు, ఆ ఏడు వానలు పడ్డాయా, ఊళ్ళో అప్పుడు ఇంకెవరికి పెళ్ళయింది అని ఒక్కొక్కటే అడుగుతూ కూర్చున్నాను. ముప్పావుగంట పట్టింది. పాస్‌పోర్టులో ఉన్న తేదీకీ ఆమె మాటకూ ఆరేళ్ళు తేడా వచ్చింది. ఆమె లెక్క ఆమెకు సరిగ్గానే ఉంది. పాస్‌పోర్టు రాసినవాడు ఆమెను అడగలేదు.

ఆ పత్రిక ఎన్ని ప్రతులు వేశారో నాకు తెలియదు. ఆ దేశంలో ఏ ఇళ్ళలో, ఏ బడుల్లో అవి ఇంకా ఉన్నాయో తెలియదు. ఒక్క నా దగ్గరున్న ప్రతిలో తప్ప, మిగిలిన అన్నిటిలోనూ ఆ తాతయ్య లెక్క తప్పినవాడే.