కోర్టుపక్షి గారి సంబంధం

ఆ రోజుల్లో పెందుర్తిలో మా ఇల్లు కనుక్కోవడానికి డోరు నంబరు అక్కర్లేదు. "కోర్టుపక్షి ఇల్లేది?" అంటే చాలు, ఆటోవాడు తిన్నగా మా గుమ్మంలో దింపేవాడు. ఆ పక్షి మా నాన్న. (జగడాలమారి వేరు, కోర్టుపక్షి వేరు. జగడాలమారి వీధిలో నిలబడి అరుస్తాడు, సాయంత్రానికి మర్చిపోతాడు. కోర్టుపక్షి అరవడు. నవ్వుతూ పలకరించి, మర్నాడు లాయరు నోటీసు పంపిస్తాడు. ఆ మాట ఎవరూ ముఖాన అనరు, చాటున అంటారు.) పెరటి గోడ గురించి పక్కింటాయన మీద ఆయన వేసిన దావా నేను నిక్కర్లు తొడుక్కునే నాటిది. నాకు హార్బర్ దగ్గర వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చేనాటికీ వాయిదాల మీదే నడుస్తోంది.

అప్పుడు నాకో సంబంధం వచ్చింది. అమ్మాయి ఎంత నచ్చిందంటే మిషను ముందు నిలబడి నాలో నేనే నవ్వుకునేవాణ్ణి. కానీ వాళ్ళ నాన్నకి కోర్టంటే హడల్. పిల్లనిచ్చే ముందు ఇరుగుపొరుగుని వాకబు చేయడం మావైపు ఆచారం కదా, ఆయన ఊరందరినీ వదిలేసి సరిగ్గా మా ప్రతివాది గుమ్మమే ఎక్కాడు. గోడ ఇవతల నక్కి వింటున్న నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"మా బావా? కోర్టుపక్షే. నా మీద దావా ఏసినాడు," అన్నాడు పక్కింటాయన నింపాదిగా.

"మరి మీరు మాటాడుకోరేటండి?"

"మాటాడకపోతే ఎలాగండి? వాయిదాకి ఇద్దరం ఒకే బస్సులో ఎల్తాం. లోపల ఎవుడి లాయరు ఆడిదే. బయటికొచ్చినాక ఒకే కేరేజీలో తింటాం. మొన్న నాకు జొరమొస్తే ఆయనే జడ్జిగారికి సెప్పించి వాయిదా ఏయించినాడు. పిల్లనిచ్చీండి. గోడ మాత్రం కాస్త అటు జరపమని మీ అమ్మాయి సేత సెప్పించండి."

పిల్లనిచ్చారు. వాయిదా తేదీ, నా ముహూర్తం ఒకే రోజు వచ్చాయి. వాది, ప్రతివాది ఇద్దరూ పందిట్లో వడ్డనలు చూస్తుంటే, అక్కడ కోర్టులో పిలిస్తే పలికేవాడు లేక దావా కొట్టేశారు. కొన్నాళ్ళు ఇద్దరూ దిగాలుగా తిరిగారు. చివరికి మా నాన్నే గోడ మీదుగా అడిగాడు.

"బావా, మల్లీ ఏసీమంటావేటి?"

"ఏసీ బావా. టౌనుకెల్లి సానా రోజులైపోనాది."

ఆ గోడ ఇవతల వణికిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అచ్యుతాపురంలో పనిచేస్తున్న మా అబ్బాయికి ఈమధ్య సంబంధాలు చూస్తున్నాం. మా అపార్ట్‌మెంటులో నాకు ఎవరితోనూ తగువు లేదు, పలకరింపూ లేదు. వాకబుకి వచ్చేవాళ్ళని ఎవరి తలుపు కొట్టమనాలో మాత్రం తెలియడం లేదు.