మామగారి శ్రుతిలో ముడుచుకున్న వేలు

మా ఆయన వేలు మొదటిసారి మొండికేసిన రోజు మేం హీలోలో ఒక పసివాడి మొదటి పుట్టినరోజు విందులో ఉన్నాం. హవాయిలో మొదటి పుట్టినరోజంటే మన పెళ్లిళ్లకి ఏమాత్రం తీసిపోదు. పెరడంతా టెంట్లు, మట్టిలో పాతిపెట్టి కాల్చిన పంది, బంధువులు, బంధువుల బంధువులు. మా ఆయన కియోని ఒక మూల కుర్చీ వేసుకుని గిటార్ వాయిస్తున్నారు. పాట మధ్యలో ఆయన కుడిచేతి చూపుడు వేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. నొప్పి లేదు, దెబ్బ లేదు. లోపలి నుంచి ఎవరో దారం కట్టి లాగినట్టు ముడుచుకుంది. ఆయన చటుక్కున ఆపేసి, మరలు తిప్పి శ్రుతి మార్చి, ఏమీ జరగనట్టు ఇంకో పాట అందుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ జనం ఆయన తుమ్మినా చప్పట్లు కొడతారు.

నేనొక్కదాన్నే చూశాను. తీగ జారిందేమో అనుకుని మళ్లీ తిండి మీద పడ్డాను.

మా ఆయన గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే ఈ జబ్బు మీకు అర్థం కాదు. ఆయన హవాయివాడు. స్లాక్ కీ అనే పద్ధతిలో గిటార్ వాయిస్తారు. మామూలు గిటార్ తీగల్ని కొన్నింటిని వదులు చేసి, వేళ్లేమీ నొక్కకుండా మీటినా చెవికి ఇంపుగా ఉండేలా కట్టుకుంటారు. బొటనవేలు కింద స్వరాలని తాళంలా నడుపుతుంటే, మిగతా వేళ్లు పైన పాట పాడతాయి. ఒక్క మనిషే ఇద్దరిలా వినిపిస్తాడు. మా మామగారు ఈ ద్వీపంలోనే పశువుల రాంచ్‌లో పనిచేసేవారు. పని అయ్యాక వెనక వరండాలో కూర్చుని వాయించేవారు. కొడుక్కి పాఠం చెప్పింది లేదు. "చూడు, విను, నోరు మూసుకో," అంతే ఆ ఇంటి సంగీత కళాశాల. ఆ చదువుతోనే మా ఆయన ఊళ్లో విందుల నుంచి హోటల్ లాబీలదాకా, అక్కడి నుంచి రెండు ఆల్బమ్‌లదాకా, అమెరికా మెయిన్‌లాండ్‌లో చిన్న చిన్న హాళ్లదాకా వెళ్లారు. నేను తెనాలి నుంచి వచ్చి హీలోలో ఫార్మసిస్టుగా చేరిన కొత్తలో, మామగారి బీపీ మాత్రల కోసం ఈయన కౌంటర్ దగ్గరికి వచ్చేవారు. తర్వాత మాత్రలు అయిపోకుండానే రావడం మొదలుపెట్టారు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. శ్రుతి, అంటే తీగలు కట్టుకునే ఆ తీరు, ఇంటి సొత్తు. మామగారికి ఒక సొంత శ్రుతి ఉండేది. అది పరాయివాళ్ల ముందు వాయించకూడదు. అయినవాళ్ల మధ్య వాయించినా, గిటార్ కింద పెట్టేముందు తీగలన్నీ వదులు చేసేయాలి. ఎవడైనా వచ్చి మీటి చూసినా ఏమీ దొరకకూడదు. ఎప్పుడో ఒక పెద్దమనిషి వరండాలో వాళ్ల భోజనం తిని, మామగారి పాట టేపులో పట్టుకుపోయి తన పేరుతో అమ్ముకున్నాడట. అప్పటి నుంచి ఆ కట్టుబాటుని ఇంకా బిగించారు. ఇన్నేళ్ల కాపురంలో నాకు కూడా ఆ శ్రుతి చెప్పలేదు. నేను అడగనూ లేదు. వినడానికి ఉంది కదా, చాలనుకున్నాను.

వేలు రెండోసారి, మూడోసారి ముడుచుకున్నాక ఇంక దాచలేక చెప్పారు. మా ఫ్యామిలీ డాక్టర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి, "వయసు కదా, ఆర్థరైటిస్ అయి ఉంటుంది," అన్నాడు. ఎక్స్‌రేలో ఆర్థరైటిస్ లేదు. అయితే మణికట్టులో నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ అన్నాడు. నెర్వ్ కండక్షన్ స్టడీ నార్మల్ వచ్చింది. అయినా మణికట్టుకి స్ప్లింట్ కట్టాడు. ఏదో ఒకటి కట్టకుండా పేషెంటుని పంపితే వాళ్లకి నామోషీ కాబోలు. అన్నం తింటే వేలు బాగుంటుంది, సంతకం పెడితే బాగుంటుంది, చొక్కా గుండీలు పెట్టుకుంటే బాగుంటుంది. గిటార్ పట్టుకుంటేనే దానికి రోషం వస్తుంది. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ డాక్టర్ కంప్యూటర్‌లోకి చూస్తూ తల ఊపాడు.

చివరికి హోనలూలూలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి పంపాడు. నాకు సెలవు దొరకలేదు. ఆయనే గిటార్ భుజాన వేసుకుని విమానం ఎక్కి వెళ్లొచ్చారు.

"ఏమన్నాడు?" అన్నాను.

"వాయించి చూపించాను. బాగానే వాయిస్తున్నావు, ఏమీ లేదు, స్ట్రెస్ అన్నాడు."

యాంగ్జయిటీకి మాత్రలు రాశాడు. వాటిని నా ఫార్మసీలో నా చేత్తోనే సీసాలో పోసి మా ఆయనకి ఇచ్చాను. ఆ మాత్రలు వేసుకుని ఆయన శుభ్రంగా నిద్రపోయారు. వేలు మాత్రం మేలుకునే ఉంది. చూస్తుండగానే ఏడాది అలా తగలబడిపోయింది. ఆయన మామగారి పాటలు వాయించడం పూర్తిగా మానేశారు. ఇల్లు బావురుమంది.

సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉన్న మా తమ్ముడు రవికి ఈ సంగతి చెప్పాను. వాడు సాఫ్ట్‌వేర్. "అక్కా, సియాటిల్‌లో మూవ్‌మెంట్ డిజార్డర్స్ స్పెషలిస్ట్ ఉంది. అపాయింట్‌మెంట్ బుక్ చేసేశా. నువ్వు ఫ్లైట్ బుక్ చెయ్, అంతే," అన్నాడు. మంచి పని చేశాడు. కానీ అపాయింట్‌మెంట్‌కి ముందు శనివారం ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు పెట్టాడు. అది మాత్రం క్షమించను.

కిచెన్ ఐలాండ్ చుట్టూ నిలబడి, పేపర్ ప్లేట్లలో గోంగూర చికెన్ పెట్టుకుని, వచ్చినవాళ్లందరూ మా ఆయనకి వైద్యం చేశారు. ఒకావిడ బీ ట్వెల్వ్ విటమిన్ తక్కువంది. ఒకాయన గ్లూటెన్ మానేయమన్నాడు. ఆయన ప్లేటులో మూడు చపాతీలున్నాయి. రవి స్నేహితుడు ఒకడు, హవాయికి వెకేషన్‌కి వెళ్లొచ్చానని ఇప్పటికే రెండుసార్లు చెప్పినవాడు, నా పక్కకి చేరాడు.

"బావగారు ఏం చేస్తారక్కా?"

"గిటార్ వాయిస్తారు."

"అది కాదక్కా, ఫుల్ టైమ్ జాబ్?"

"అదే ఫుల్ టైమ్."

"ఓ... నైస్. అయితే ఇప్పుడేముందక్కా, కొన్నాళ్లు గిటార్ మానేస్తే సరిపోతుంది కదా? ప్రాబ్లమ్ సాల్వ్డ్."

ఆ లెక్కన లాప్‌టాప్ మానేస్తే, ఇందాకటి నుంచి వాడు చెప్పుకుంటున్న మెడనొప్పి కూడా పోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. తమ్ముడి ముఖం చూసి మింగేశాను. మా ఆయన మాత్రం తెలుగు అర్థం కాకపోయినా అందరికీ నవ్వుతూ తల ఊపారు. నాకు ఒళ్లు మండిపోయింది.

సోమవారం ఆ కదలికల జబ్బుల స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాం. పొట్టి జుట్టు, పొడిపొడి మాటలు. "గిటార్ తెచ్చారా? మంచిది, వాయించండి," అని ఒక వీడియో కెమెరా ఆయన చేతికి ఎదురుగా పెట్టింది. మా ఆయన మరలు తిప్పడం మొదలుపెట్టారు. నేను కుర్చీలో వెనక్కి వాలి వింటున్నాను. రెండు తీగలు దించగానే నాకు తెలిసిపోయింది. అది మామగారి శ్రుతి కాదు. హోటల్‌లో టూరిస్టుల కోసం వాయించే, ఊరందరికీ తెలిసిన శ్రుతి. అందులో ఆయన తేనెలా వాయించారు. వేలు బుద్ధిగా దాని పని అది చేసుకుపోయింది.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "ఐ డోంట్ సీ ఎనీథింగ్," అంది.

అప్పుడు వెలిగింది నాకు, ఇన్నాళ్లూ వేలు ముడుచుకున్నదల్లా మామగారి శ్రుతిలోనేనని. మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషే, కానీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"హోనలూలూలో కూడా ఇదేనా వాయించింది?"

ఆయన తీగల వైపు చూశారు. "కెమెరా ఉంది కదా."

"అక్కడా ఉందా?"

"ఉంది."

"అంటే జబ్బు చూపించడానికి వెళ్లి, జబ్బు రాని పాట వాయించి వచ్చావా? దాని కోసం విమానం ఎక్కావా?"

"అది నాన్న శ్రుతి. పరాయివాళ్ల ముందు వాయించకూడదు. నీకు తెలుసు."

ఏడాదిపాటు ఆ న్యూరాలజిస్టుని తిట్టుకున్నాను. నిజానికి మా ఆయన వాడి ముందు పెట్టింది ఆరోగ్యవంతుణ్ణి. అయినా వాడి మీద నాకు జాలి కలగలేదు. ఎప్పుడు వస్తుంది, ఏ పాటలో వస్తుంది అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

నేను డాక్టర్‌కి విషయం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. లేచి కెమెరా తీసి డెస్కు సొరుగులో పెట్టింది. "నాకు సంగీతం తెలియదు. చెయ్యి మాత్రమే చూస్తాను," అంది. అయినా ఆయన కదల్లేదు. చెప్పొద్దూ, గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

మోమి ఆంటీకి ఫోన్ చేశాను. ఆవిడ మామగారి చెల్లెలు. మామగారు పోయాక ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. స్పీకర్ పెట్టి అంతా చెప్పాను.

"కియోనీ."

"ఆంటీ."

"మీ నాన్న దాచింది పాటని, దొంగల నుంచి. నువ్వు దాస్తున్నది వేలుని, డాక్టర్ నుంచి. ఆవిడేమైనా నీ పాట పట్టుకుపోయి హోటల్లో వాయించుకుంటుందా? వాయించు. వాయించాక తీగలు దించెయ్. బుద్ధి లేదా నీకు?"

అని పెట్టేసింది. ఆయన తలవంచుకుని మరలు తిప్పారు. నాలుగు మీట్లు కూడా పూర్తి కాలేదు, వేలు సర్రున అరచేతిలోకి పోయింది.

"దేర్ ఇట్ ఈజ్," అంది డాక్టర్. "ఫోకల్ డిస్టోనియా. టాస్క్ స్పెసిఫిక్, అంటే ఆ ఒక్క పనిలోనే వస్తుంది. తప్పు వేలిది కాదు. ఏళ్ల తరబడి ఒకే కదలిక చేసీ చేసీ, మెదడులో ఆ వేళ్లకున్న గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి."

జబ్బుకి పేరు దొరికితే అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. తర్వాత, ఆంటీ చెప్పినట్టే, తీగలన్నీ దించేశారు.

"పూర్తిగా నయమవుతుందా?" అని అడిగాను.

"మెరుగవుతుంది. పూర్తిగా అని నేను మాట ఇవ్వను."

ముంజేతి కండరంలో, దాన్ని సడలించే బోటాక్స్ ఇంజెక్షన్ ఇచ్చింది. ఆ మాట విని మా బంధువుల్లో ఒకావిడ, ముడతలు కూడా పోతాయా అని ఫోన్ చేసి అడిగింది. నేను జవాబు చెప్పకుండా పెట్టేశాను. మొదటి డోసు ఆయనకి ఎక్కువైంది. వేలు ముడుచుకోవడం మానేసింది నిజమే, దాంతోపాటు పనిచేయడమూ మానేసింది. చెంచా జారిపోయేది. ఈ ఎఫెక్ట్ తగ్గేదాకా ఓపిక పట్టడం తప్ప ఏం చేయలేమన్నారు.

ఆ రోజుల్లోనే హోటల్ మేనేజర్ తన తెలివి చూపించాడు. "కియోనీ, వర్రీ అవకు. నీ ఆల్బమ్ స్పీకర్‌లో పెడతాం. నువ్వు గిటార్ పట్టుకుని కూర్చో. పూల చొక్కా వేసుకో. చాలు," అన్నాడు. వద్దని చెప్పాను. కాంట్రాక్ట్ ఉందని ఆయన ఒక సాయంత్రం వెళ్లారు. నేనూ వెళ్లాను. స్పీకర్‌లో పాట, ఒళ్లో గిటార్, తీగల మీద కదలని చెయ్యి. జనం రొయ్యలు తింటూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు వచ్చి సెల్ఫీ దిగారు. ఒక్కడంటే ఒక్కడు, ఆ చెయ్యి కదలడం లేదని చూడలేదు. ఇంటికొచ్చి ఆయన మెడలో పూలదండ తీసి గిటార్ పెట్టె మీద వేశారు. శవం మీద వేసినట్టు వేశారు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. మర్నాడు ఆ మేనేజర్‌కి నేనే ఫోన్ చేసి, ఆయన ఇక రారని చెప్పాను. "బట్ ది గెస్ట్స్ లవ్డ్ ఇట్," అన్నాడు.

రెండోసారి డోసు బాగా తగ్గించారు. దాంతోపాటు చేతికి మళ్లీ పని నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ మొదలైంది. థెరపిస్టు పక్క వేలికి చిన్న టేపు చుట్టి, తాబేలు నడకలో ఒక్కొక్క స్వరం వాయించమనేది. వేలు ముడుచుకోబోతోందని అనిపించగానే ఆపేయాలి. పౌరుషానికి పోయి ముందుకెళితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. పౌరుషమే మా ఆయన ఇంటిపేరు. చాలాసార్లు మొదటికొచ్చింది. చివరికి ఆయనే తీగల్ని ఇంకో రకంగా దించి ఒక కొత్త శ్రుతి కట్టుకున్నారు. ఆ దారిలో వేలు అడ్డం పడలేదు. ఇప్పుడు ఆయన విందుల్లో అదే వాయిస్తున్నారు. బాగుంటుంది. కానీ మామగారి శ్రుతిలో మాత్రం ఆ వేలు ఇక పూర్తి వేగం అందుకోదని డాక్టర్ మెల్లగా చెప్పింది.

ఆ వారమే ఆయన గిటార్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"నీ వేళ్లు బాగున్నాయి కదా," అన్నారు.

"నా వేళ్లు మాత్రలు లెక్కపెట్టే వేళ్లు."

"చూడు, విను, నోరు మూసుకో."

అలా నేర్చుకుంటున్నాను. ఘోరంగా వాయిస్తాను. బొటనవేలు తాళం తప్పుతుంది, పైపాట దాన్ని తరుముతుంది. ఆయన ముఖం తిప్పుకుని ఓర్చుకుంటారు. అయినా మామగారి పాట మా ఇంట్లో మళ్లీ వినిపిస్తోంది.

మీలో ఎవరికైనా ఇలా చేతికో, గొంతుకో, కాలికో ఒక పనిలో మాత్రమే వచ్చే ఇబ్బంది ఉంటే నేను చెప్పేది ఒకటే. ఆ పనిముట్టు తీసుకుని వెళ్లండి. ఏది చేస్తే జబ్బు బయటపడుతుందో, అదే డాక్టర్ ముందు చేయండి. మీకు బాగా వచ్చింది చేసి మెప్పించడానికి అది స్టేజీ కాదు.

మొన్న రవి స్నేహితుడు, ఆ ఫుల్ టైమ్ జాబ్ పెద్దమనిషి, మళ్లీ వెకేషన్‌కి వచ్చాడు. తమ్ముడి కోసం భోజనానికి పిలవక తప్పలేదు. నేను వెనక వరండాలో మామగారి పాట సాధన చేస్తుండగా, చెప్పాపెట్టకుండా గంట ముందే వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు.

"అక్కా, సూపర్! ఆ ట్యూనింగ్ ఏంటి? యూట్యూబ్‌లో ఉందా?" అని ఫోన్ పైకెత్తాడు.

"ఏమో తమ్ముడూ, నాకేం తెలుసు, కొత్తగా నేర్చుకుంటున్నా," అన్నాను. గిటార్ కింద పెట్టేముందు తీగలు ఒక్కొక్కటీ దించేశాను. మా ఆయన చెప్పకుండానే.