పది నిమిషాల నడక

ముప్పై ఏళ్లు రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని రిటైరైన ఆవిడను అక్కడ అందరూ ఎంక్వైరీ అక్క అనేవారు. ఓడరేవు ఎంత దూరమని ఎవరడిగినా, తలెత్తకుండా "పది నిమిషాల నడక" అనేసేది. తను మాత్రం ఒక్కసారైనా నడిచి చూసిన పాపాన పోలేదు.

ఇవాళ విహార నౌక ఎక్కడానికి, చెల్లెలితో, నాలుగు పెట్టెలతో ఆ స్టేషన్లోనే దిగింది.

"టాక్సీ పిలుద్దాం అక్కా," అంది చెల్లెలు.

"పది నిమిషాల దూరానికి టాక్సీయా? నలుగురూ నవ్విపోతారు. పద!"

చెల్లెలికి మోకాళ్ల నొప్పి. అందుకని అక్కే రెండు పెట్టెలు మెట్ల వంతెన దాటించి, మళ్లీ వెనక్కొచ్చి మిగతా రెండూ మోసింది. వంతెన దాటాక గోదాములు మొదలయ్యాయి. ఎంత నడిచినా తరగవే! ఒక పెట్టె చక్రం ఊడిపోతే దాన్ని భుజానికెత్తుకుంది. చెల్లెలు వాచీ చూసుకున్నప్పుడల్లా అక్క ఆమెకేసి కొరకొరా చూసింది.

గంటంబావు నడిచాక రేవు గేటు చేరారు. అక్క వాలకం చూసి కాపలాదారు కంగారుగా కుర్చీ వేశాడు.

"స్టేషన్ నుంచి నడిచొచ్చారా అమ్మా? ఎంతసేపు పట్టిందేంటి?"

చెల్లెలు నోరు తెరవబోయింది. అక్క నిలబడే చెమట తుడుచుకుని, అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"పది నిమిషాలు."